గడియార స్తంభానికి అడ్డమొచ్చిన టీకొట్టు

మా ముక్తేవరం చూడటానికి వచ్చేవాళ్లు ఎవరైనా సరే, ముందు నన్ను కలిసి ఆ తర్వాత ఊళ్లో అడుగుపెట్టడం మంచిది. నా పేరు పిచ్చయ్య. ముప్పై నాలుగేళ్లు కరెంటాఫీసులో మీటరు రీడరుగా పనిచేసి రిటైరయ్యాను. ఈ ఊళ్లో నేను తొక్కని గడప లేదు, నన్ను చూసి మొరగని కుక్క లేదు. కాబట్టి ఈ ఊరి గురించి చెప్పే హక్కు నాకున్నంతగా ఇంకొకడికి లేదని నా అభిప్రాయం. కాదనేవాడెవడైనా ఉంటే పొద్దున పూట రండి, వాదించుకుందాం.

బస్సు దిగితే గడియార స్తంభం సెంటరు. ఊరికి నడిబొడ్డు అదే. ఆ స్తంభం నలభై ఏళ్ల కిందట గాలివానకి కూలిపోయింది. దాని మీది గడియారం అంతకు పదేళ్ల ముందే ఆగిపోయింది. అక్కణ్ణించి ఎడమ చేతికి తిరిగితే ఐసు ఫ్యాక్టరీ. అది కల్యాణ మండపమై ఇరవై ఏళ్లవుతోంది. కుడి చేతికి తిరిగితే శేషమహల్. ఆ సినిమా హాలు తగలబడిపోయాక అక్కడ స్కానింగు సెంటరు పెట్టారు. మావాళ్లు మాత్రం ఇప్పటికీ "మా కోడలికి కవలపిల్లలని శేషమహల్లో చెప్పారు" అంటారు. ఇంకా ముందుకెళితే చెక్‌పోస్టు. ఎత్తేసిన చెక్‌పోస్టు.

ఎందుకిలాగ అని అడక్కండి. మా ఊళ్లో ఉన్నదాన్ని ఎవరూ గుర్తు చెప్పరు. ఉన్నది ఎలాగూ కంటికి కనపడుతూనే ఉంటుంది, దాన్ని నోటితో చెప్పడం దేనికి? లేనిదాన్నయితే ఎవరో ఒకరు చెప్పాలి గదా! ఈ పద్ధతిలో నేను పుట్టినప్పటి నుంచీ ఒక్క ఉత్తరం తప్పిపోలేదు, ఒక్క పెళ్లివారు దారి తప్పలేదు. అంతా సవ్యంగా నడుస్తుండగా కమిషనర్ ఆనందవర్ధన్‌గారు వచ్చారు.

ఆయన పట్నం మనిషి, వయసులో చిన్నవాడు, మంచివాడు. ఉత్సాహం ఉన్న మంచివాడు కావడం వల్లే చిక్కంతా వచ్చింది. మున్సిపాలిటీలో చేరిన మూడో వారం నాకు కబురు పెట్టాడు. నేను వెళ్లేసరికి బల్ల మీద ఒక లావుపాటి పుస్తకం తెరిచి ఉంది.

"రండి పిచ్చయ్యగారూ! 'మన పట్టణం, మన ఆనవాళ్లు' అనే పథకం వచ్చింది. పన్నెండు చారిత్రక ఆనవాళ్లున్న పట్టణానికి విశిష్ట హోదా ఇస్తారు. ఈ పట్టణపు సామూహిక స్మృతిని అక్షరబద్ధం చేసే గురుతర బాధ్యతను మీ భుజస్కంధాలపై ఉంచుతున్నాను" అన్నాడు.

"అట్టాగేనండి. ఎన్ని పేజీలు?"

"పేజీలు కాదు ముఖ్యం. ఆత్మ ముఖ్యం. నలభై పేజీలు మించకూడదు."

నాకు ఛాతీ రెండంగుళాలు పొంగిన మాట నిజం. ముప్పై నాలుగేళ్లు ఇంటింటికీ తిరిగితే మంచినీళ్లిచ్చినవాళ్లే తక్కువ, గురుతర బాధ్యత ఇచ్చినవాడు ఇతనొక్కడే. వారం రోజులు కూర్చుని రాశాను. గడియార స్తంభం, ఐసు ఫ్యాక్టరీ, శేషమహల్, చెక్‌పోస్టు, ఏడు దీపాల వీధి, మిలిటరీ కామయ్యగారి మేడ, ఇలాగ పన్నెండూ వరసగా రాసి, దేనికి ఎటు నుంచి వెళ్లాలో కూడా రాసి ఇచ్చాను.

దాన్ని కౌన్సిల్ సమావేశంలో పెట్టారు. ఇరవై నాలుగు మంది కౌన్సిలర్లు రెండు గంటలు చర్చించారు. తొమ్మిదో వార్డు కౌన్సిలరు లేచి, తన వార్డుకి ఒక్క ఆనవాలే ఇచ్చారని వాకౌట్ చేశాడు. పదహారో వార్డు ఆయన ఐసు ఫ్యాక్టరీ తన వార్డులోదేనని బల్ల గుద్దాడు. చివరికి అందరూ కలిసి ఏకగ్రీవంగా ఆమోదించారు. టౌన్ ప్లానింగ్ ఆఫీసరు మా ఊరివాడే. పుట్టినప్పటి నుంచీ వింటున్న పేర్లే గదా అని కుర్చీలోంచి లేవకుండానే, "స్థల పరిశీలన జరిపితిని. అన్నియు యథాస్థానమున ఉన్నవి" అని రాసి సంతకం పెట్టాడు.

ఆ పన్నెండులో ఒక్కటి కూడా భూమ్మీద లేదన్న సంగతి ఇరవై నాలుగు మందిలో ఒక్కరికీ తట్టలేదు. ఇంకా సిగ్గుపడాల్సిన విషయమేమిటంటే, రాసిన నాకూ తట్టలేదు. రోజుకి పదిసార్లు నోటితో అనే మాట అబద్ధమని ఎవడికి మాత్రం అనుమానం వస్తుంది చెప్పండి?

తీర్మానం పైకి వెళ్లింది, గెజిట్లో పడి తిరిగి వచ్చింది. అప్పటి నుంచి మొదలైంది మా వైభవం.

మొదట బోర్డులు వచ్చాయి. గడియార స్తంభం సెంటర్లో నీలం రంగు బోర్డు పాతారు: "ఇది రక్షిత కట్టడము. దీనిపై పేర్లు చెక్కుట, ఎక్కుట, జేరగిలబడుట నేరము." తర్వాత కల్యాణ మండపం వాళ్లకి నోటీసొచ్చింది, చారిత్రక ఐసు ఫ్యాక్టరీలో పెళ్లిళ్లు చేస్తున్నందుకు సంజాయిషీ ఇమ్మని. ఆ నెలలో పెళ్లి పెట్టుకున్నవాళ్లు పరిశ్రమల శాఖ నుంచి కూడా అనుమతి తెచ్చుకోవలసి వచ్చింది. ముహూర్తం దాటిపోతుందని కంగారుపడిన పెళ్లికొడుకు తండ్రి, దరఖాస్తులో "ఉత్పత్తి" అన్న చోట ఒక జంట అని రాసిచ్చాడు. ఆమోదించారు.

ఆ తర్వాత కాపలాదారుల్ని వేశారు. గడియార స్తంభానికి మా ఏసోబు దొరికాడు. కాకీ చొక్కా, విజిలు, చేతికర్ర. నేను పొద్దున్నే పలకరించాను.

"ఏసోబూ, దేనికయ్యా కాపలా?"

"గడియార స్తంభానికి, పిచ్చయ్యగారూ."

"అది లేదు గదా."

"అందుకేగా పని తేలిగ్గా ఉంది. పోయినేడు మార్కెట్టు యార్డులో కాపలా ఉంటే రోజుకొక బస్తా పోయేది, నా పీక మీదికొచ్చేది. ఇది చూడండి, సాయంత్రం ఎట్టా వదిలిపెట్టి పోతానో పొద్దున అట్టాగే ఉంటది. బంగారం లాంటి ఉద్యోగం, చెడగొట్టమాకండి!"

ఆ తర్వాత సున్నాలు వేయించే కార్యక్రమం. స్తంభం ఎత్తు నలభై అడుగులని నా పుస్తకంలోనే ఉంది కాబట్టి సర్వి కర్రలతో నలభై అడుగుల పరంజా కట్టారు. దాని నడిమధ్యన నాంచారమ్మ టీకొట్టు ఉంది. సున్నం వేసేవాడు పైకెక్కి, కిందికి చూసి, పైకి చూసి, ఇంత ఎత్తు ఎక్కాక ఊరికే దిగితే బాగుండదని గాల్లో నాలుగు బ్రష్షులు ఆడించాడు. సున్నపు చుక్కలు వచ్చి పునుగుల మూకుట్లో పడ్డాయి.

"ఓరి నీ చేతులిరిగిపోనూ! నూనె పాడు చేశావు గదరా! దిగు ముందు!" అని నాంచారమ్మ కింది నుంచి గరిటె ఎత్తింది. ఆ దెబ్బకి సున్నాల పని అనుకున్నదానికంటే ఒకరోజు ముందే పూర్తయింది.

నాంచారమ్మ గురించి చెప్పాలి. ఆవిడకి యాభై దాటాయి. అత్తగారి నుంచి వచ్చిన రేకుల కొట్టు, ఇరవై ఆరేళ్లుగా తనే నడుపుతోంది. తెల్లారి అయిదింటికి మొదటి బస్సు డ్రైవరు ఆవిడ చేతి అల్లం టీ తాగితే గాని గేరు వెయ్యడు. నేను మీటర్లు తిరిగిన ముప్పై నాలుగేళ్లలో ఎండదెబ్బ తగలకుండా ఉన్నానంటే ఆ కొట్టు చూరు కింద కూర్చోవడం వల్లే. రిటైరయ్యాక కూడా రోజూ పొద్దున అక్కడే ఉంటాను. నన్ను బాబాయ్ అంటుంది. బంధుత్వం ఏమీ లేదు, బల్లకి అలవాటు పడితే బాబాయినే అవుతాను గదా.

ఒకరోజు ఆ బల్ల మీద నేను కూర్చోగానే టీ రాలేదు, ఒక కాగితం వచ్చింది.

"చదువు" అంది.

చదివాను. "చారిత్రక గడియార స్తంభము యొక్క ముఖద్వారమునకు అడ్డముగా మీరు టీకొట్టు నిర్వహించుచు, సదరు స్తంభమును సందర్శకుల కంటికి కానరాకుండ చేయుచున్నారు. నిబంధన పదకొండు ప్రకారము రక్షిత ఆనవాలుకు హాని చేయువారు శిక్షార్హులు. కావున పదిహేను దినములలో ఖాళీ చేయవలెను." అడుగున కమిషనర్‌గారి సంతకం. ఆధారం అన్న చోట నా పుస్తకం పేరు, పేజీ నంబరుతో సహా.

"నీ చేత్తో రాశావంట గదా బాబాయ్" అంది. గొంతు పెంచలేదు. తిట్టినా బాగుండేది. "ఇరవై ఆరేళ్లు నా చేతి టీ తాగి, నా కడుపు మీదే కొట్టావు."

"నాకేం తెలుసే అమ్మాయ్! ఊరి గొప్ప చెబుదామనుకున్నా గానీ..."

"ఊరి గొప్పలో నేను లేనా? పుస్తకమంతా రాశావు, కొట్టు సంగతి ఒక్క ముక్క రాశావా?"

రాయలేదు. కొట్టు కళ్లెదురుగా ఉంది గదా, ఎందుకు రాస్తాను? ఆ మాట పైకి అనబోయి మింగేశాను. ఆ రోజు టీ తాగకుండానే లేచి వచ్చేశాను.

మర్నాడు కమిషనర్‌గారి ఆఫీసుకి వెళ్లాను.

"సారూ, ఒక పొరపాటు జరిగింది. ఆ గడియార స్తంభం అక్కడ లేదండి. కూలిపోయి నలభై ఏళ్లయింది."

ఆయన నన్ను జాలిగా చూశాడు. "పిచ్చయ్యగారూ, రచయితలకి పుస్తకం వెలువడ్డాక ఇటువంటి ఆత్మసందేహం కలగడం సహజం. మీరు ధైర్యంగా ఉండండి."

"సందేహం కాదండి, స్తంభమే లేదు!"

"కౌన్సిల్ ఏకగ్రీవ తీర్మానం ఉంది. స్థల పరిశీలన నివేదిక ఉంది. సున్నాలు వేసినట్టు ధ్రువీకరణ ఉంది. కాపలాదారు రోజూ 'క్షేమము' అని రిజిస్టర్లో రాస్తున్నాడు. ఇన్ని ఉండగా స్తంభం లేకపోవడానికి ఆస్కారం ఎక్కడుంది?"

"మరి కంటికి కనపడదేందండి?"

"కొట్టు అడ్డంగా ఉంది గదా! అది తీసేస్తే కనపడుతుంది. అందుకేగా నోటీసిచ్చింది!"

దీనికి జవాబు మీకు తోస్తే చెప్పండి.

నోటితో చెబితే వినరు కాబట్టి కాగితం మీద ఇరికిద్దామని ఒక అర్జీ రాశాను: "గడియార స్తంభము మీది గడియారము పది నిమిషములు ఆలస్యముగా నడుచుచున్నది, దయతో తనిఖీ చేయించవలెను" అని. తనిఖీకి వచ్చినవాడు తల పైకెత్తి చూస్తాడు గదా, చూస్తే ఏమీ లేదని తెలుస్తుంది గదా అని నా ఎత్తు. మూడో రోజుకల్లా జవాబు వచ్చింది: "తనిఖీ చేసి సరిచేయడమైనది. ఇకపై సమయము సరిగానే యుండును. మీ పౌర స్పృహకు అభినందనలు." దాన్ని చూసి నేను నిజంగా ఒకసారి సెంటరుకెళ్లి పైకి చూశాను. ఒంటి గంట ఎండ తప్ప ఏమీ లేదు.

పదహారో రోజు మున్సిపాలిటీ ట్రాక్టరు వచ్చింది. రేకులు, బల్లలు, పొయ్యి, బాయిలరు అన్నీ ఎక్కించారు. నాంచారమ్మ ఏడవలేదు. టీ గ్లాసులున్న బుట్ట మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వకుండా తనే చంకన పెట్టుకుని రోడ్డు పక్కన నిలబడింది. అయిదింటి బస్సు డ్రైవరు ఆ రోజు ఏడున్నరకి బయల్దేరాడు.

కొట్టు తీసేశాక కమిషనర్‌గారు దండలతో, ఫొటోగ్రాఫరుతో జీపు దిగారు. ఎదురుగా ఖాళీ జాగా. కుడివైపు నుంచి చూశారు, ఎడమవైపు నుంచి చూశారు. ప్లానింగ్ ఆఫీసరు జీపు వెనక్కి జరిగాడు. ఇక తన తప్పు తెలుసుకుంటాడని నేను సంతోషపడ్డాను చూశారూ, నా అంత పిచ్చివాడు ఇంకొకడు లేడు. పేరుకి తగ్గట్టే ఉన్నాను.

ఆ మధ్యాహ్నానికే నాంచారమ్మకి రెండో నోటీసొచ్చింది. "మీ ఆక్రమణను తొలగించి చూడగా, తీర్మాన ప్రకారము అచ్చట ఉండవలసిన నలభై అడుగుల స్తంభము కానరాలేదు. ఇరవై ఆరేండ్లుగా సదరు స్థలము మీ స్వాధీనములో ఉన్నందున, స్తంభమును ఏమి చేసితిరో ఏడు దినములలో తెలుపవలెను."

హెడ్డు కానిస్టేబులు ఆవిడ ఇంటికొచ్చి సోదా చేశాడు. గదిలో చూశాడు, వంటింట్లో చూశాడు, వంగి మంచం కింద కూడా చూశాడు.

"నలభై అడుగులదయ్యా! మంచం కింద పట్టిద్దా?" అంది నాంచారమ్మ.

"ముక్కలు చేసి పెట్టి ఉండొచ్చని రాసిచ్చారమ్మా. నా చేతుల్లో ఏముంది?" అని ఆయన మంచినీళ్లు తాగి పోయాడు.

కొట్టు పెట్టుకోవడానికి వేరే జాగా చూపించమని నేను ఆఫీసు చుట్టూ తిరిగాను. ప్రతి ఆనవాలుకీ చుట్టూ వంద గజాలు రక్షిత ప్రాంతం. పన్నెండు ఆనవాళ్లకీ వంద గజాల చొప్పున గీతలు గీస్తే ఊళ్లో మిగిలిన జాగా శ్మశానం గోడ పక్కది ఒక్కటే. అక్కడ చూపించారు. నాంచారమ్మ ఇంట్లో పొయ్యి పట్టుకెళ్లి అక్కడే పెట్టింది.

వారం ఆగి వెళ్లాను. మూకుడు ఖాళీగా ఉంది.

"ఎట్టా ఉందమ్మాయ్ బేరం?"

"ఇక్కడికొచ్చేవాళ్లకి పునుగులు తినబుద్ధవుద్దా బాబాయ్? మొన్న ఒకాయన తిన్నాడు. తింటా తింటా వాళ్లన్నని తలుచుకుని ఏడ్చాడు. దుడ్లు అడగబుద్ధి కాలేదు." మూకుడు బోర్లించి, "బేరం లేకపోతే పోనీలే. దొంగన్నారు చూడు, అదే మింగుడు పడటం లేదు. బజార్లో పోతా ఉంటే పిల్లకాయలు 'అదిగో స్తంభం నాంచారమ్మ' అంటన్నారు" అంది.

ఆ మాటతో నాకు తల ఎత్తుకోబుద్ధి కాలేదు. విశిష్ట హోదా తేల్చే తనిఖీ అధికారి వచ్చే వారం రాజధాని నుంచి వస్తున్నారని తెలుసు. ఆమె ముందు నిలబడి, ఊరు నవ్విపోయినా సరే, ఉన్నమాట చెప్పేస్తానని నాంచారమ్మకి మాటిచ్చి వచ్చాను. అద్దం ముందు నాలుగు రోజులు సాధన కూడా చేశాను. "అమ్మా, గడియార స్తంభం లేదు. ఆ పుస్తకం రాసిన వెధవని నేనే." ఇంతే. రెండు ముక్కలు.

తనిఖీ అధికారి డాక్టర్ వైజయంతిగారు వచ్చారు. తెల్ల జుట్టు, నల్ల గొడుగు, కళ్లజోడు మీది నుంచి చూసే చూపు. సెంటర్లో షామియానా వేశారు. కమిషనర్‌గారు ఆనవాళ్ల వైభవం మీద అరగంట ఉపన్యసించాక ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

"కట్టడాన్ని నేను చూడను. కట్టడాల్ని ఇంజినీర్లు చూస్తారు. నిబంధన నాలుగు: ఆనవాలు అనగా స్థానికులు దారి చెప్పుటకు వాడునది. కాబట్టి స్థానికులనే అడుగుతాను. దారిన పోయే పదిమందిని పిలవండి."

నేను గబగబా వెళ్లి వరసలో నిలబడ్డాను. నాది పదో నంబరు.

మొదట పాలక్యాను అతన్ని అడిగింది. "గడియార స్తంభం ఎక్కడ బాబూ?"

"నాంచారమ్మ కొట్టు కాడండి."

"నాంచారమ్మ కొట్టు ఎక్కడ?"

"ఇదిగో, మీరు నిలబడ్డ చోటేనండి."

ఆవిడ కాళ్ల కిందికి చూసుకుని ఏదో రాసుకుంది. రెండో మనిషి సోడాబండి ఆసామి. "నాంచారమ్మ కొట్టుకి ఎదురుగుండానండి." కూరగాయల గంప దించకుండానే ఒకావిడ, "అదేనమ్మా, నాంచారమ్మ కొట్టు లేదూ, అక్కడే!" అంది. అయిదింటి బస్సు డ్రైవరు, "నాంచారమ్మ కొట్టు" అని అంతటితో ఆగకుండా, "నాకు ఇరవై రోజుల నుంచి తలనొప్పండి" అని కూడా చెప్పాడు. ఏసోబు విజిలు నోట్లోంచి తీసి, "నాంచారమ్మ కొట్టు పక్కన స్తంభం క్షేమమండి" అన్నాడు.

కొట్టు తీసేసి ఇరవై రోజులే అయింది. ఆ ఇరవై రోజుల్లోనే ఊరు ఊరంతా దాన్ని గుర్తు చెప్పడం మొదలుపెట్టింది. ఎవరూ అనుకుని చేసింది కాదు. మాకు అలవాటంతే.

నా వంతు వచ్చింది. నిజం చెప్పడానికి నోరు తెరిచాను.

"చెప్పండి పెద్దాయనా, గడియార స్తంభం ఎక్కడ?"

"నాంచారమ్మ కొట్టు కాడండి" అన్నాను.

నాలుక కరుచుకున్నాను గానీ మాట బయటికొచ్చేసింది. నాలుగు రోజుల సాధన, అరవై ఏడేళ్ల అలవాటు. ఏది గెలుస్తుందో మీరే చెప్పండి. షామియానా వెనక నిలబడ్డ నాంచారమ్మ నా వంక చూసిన చూపు మాత్రం ఈ జన్మకి మరిచిపోలేను. మళ్లీ మోసం చేశావు బాబాయ్ అన్నట్టుంది.

డాక్టర్ వైజయంతిగారు పుస్తకం మూసింది. "పదికి పది. పదిమందీ అడిగిన వెంటనే, తడుముకోకుండా చెప్పారు. ఇంత స్పష్టమైన ఆనవాలు నా సర్వీసులో చూడలేదు."

"గడియార స్తంభం మా పట్టణపు హృదయ స్పందన మేడమ్" అని కమిషనర్‌గారు చేతులు జోడించాడు.

"గడియార స్తంభం కాదు. దాన్ని స్వతంత్రంగా ఒక్కరూ చెప్పలేదు. దానికి కూడా దారి నాంచారమ్మ కొట్టు నుంచే చెబుతున్నారు. కాబట్టి నిబంధన నాలుగు ప్రకారం ఇక్కడ ప్రధాన ఆనవాలు నాంచారమ్మ కొట్టు. స్తంభం ఉప ఆనవాలు. ప్రధాన ఆనవాలు ఏది? చూపించండి."

కమిషనర్‌గారు ప్లానింగ్ ఆఫీసరు వంక చూశాడు, ప్లానింగ్ ఆఫీసరు తన చెప్పుల వంక చూసుకున్నాడు.

"మున్సిపల్ యార్డులో ఉంది మేడమ్" అన్నాడు కమిషనర్‌గారు, ఎవరికీ వినపడకూడదన్నట్టు.

"దానంతట అది వెళ్లిందా?"

"లేదు మేడమ్. మేమే... సందర్శకుల సౌకర్యార్థం..."

"రక్షిత ఆనవాలుకు హాని చేసినవారిని ఏం చేయాలో నిబంధన పదకొండులో ఉంది. చదివే ఉంటారు."

చదవడమేమిటి, నాంచారమ్మ నోటీసులో ఆ నిబంధన ఎత్తి రాసింది ఆయనే. పాపం, ముఖం సున్నం కొట్టినట్టయింది. స్తంభానికి వేయాల్సిన సున్నం అక్కడ పనికొచ్చింది.

"నలభై ఎనిమిది గంటల్లో యథాపూర్వ స్థితికి తెచ్చి నివేదిక పంపండి. రేకు మీద సొట్టలు కూడా ఉన్నవి ఉన్నట్టే ఉండాలి. కొత్తవి పెట్టకూడదు" అని ఆవిడ గొడుగు తెరుచుకుంది. వెళుతూ వెళుతూ స్తంభం ఉండాల్సిన చోట తలెత్తి ఒక్క క్షణం చూసింది. ఆవిడకి అర్థమైందో లేదో నాకిప్పటికీ తెలియదు. పెదవి చివర మాత్రం ఏదో కదిలింది.

గంటలో ట్రాక్టరు యార్డు నుంచి కొట్టుని తెచ్చి దించింది. ఇంజినీరు ఫొటోలు చూసి బల్లలు సర్దాడు. అంతా అయ్యాక గాని వాళ్లకి ఒక సంగతి తట్టలేదు. పొయ్యి వెలగడం లేదు, టీ కాగడం లేదు. ఇది యథాపూర్వ స్థితి ఎలా అవుతుంది? కమిషనర్‌గారు నన్ను జీపెక్కించుకుని శ్మశానం గోడ దగ్గరికి వచ్చారు. మాకంటే ముందే వచ్చి పొయ్యి ముందు కూర్చుంది నాంచారమ్మ. నన్ను చూసి ముఖం తిప్పుకుంది.

"నాంచారమ్మగారూ, మీరు ఈ పట్టణపు సజీవ వారసత్వ సంపద. తక్షణమే విచ్చేసి టీ కాయవలసిందిగా పురపాలక సంఘం తరఫున..."

"స్తంభం సంగతేంది సారూ?"

"ఏ స్తంభం?"

"నేను దొంగిలించానని రాశారే, అది. దొంగనన్న పేరు మోసుకుంటా నేను సెంటర్లో కూర్చుని టీ పొయ్యలేను. అది దొరకలేదని ఇంకో పదేళ్లకి ఇంకో సారు వచ్చి నా మంచం కింద దూరతాడు. ముందు దాని లెక్క తేల్చండి. కొట్టు సంగతి తర్వాత."

"దానికి విచారణ, నివేదిక..."

"అయితే నేను ఇక్కడే బాగున్నా. చల్లగా ఉంది, ఎవరూ మాట్లాడరు."

ఆయన వాచీ చూసుకున్నాడు. నలభై ఎనిమిది గంటల్లో ఆరు అయిపోయాయి. జీపు బానెట్ మీదే కాగితం పెట్టుకుని రాశాడు, రాసి పైకి చదివాడు: "గడియార స్తంభము గురించి విచారించగా, సదరు స్తంభము నలభై ఏండ్ల క్రితమే తనంతట తాను కూలిపోయి యున్నదనియు, ఇందు శ్రీమతి నాంచారమ్మ ప్రమేయము ఏమియు లేదనియు తేలినది."

ఆ వాక్యం కోసం నేను అర్జీలు రాశాను, ఆఫీసు చుట్టూ తిరిగాను, అద్దంతో మాట్లాడాను. ఆవిడ పొయ్యి ముందు కూర్చుని కదలనంటే వచ్చేసింది! నా కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు. నాంచారమ్మ కాగితం తీసుకుని నా చేతికిచ్చింది.

"అట్టాగే ఉందా బాబాయ్, చదివినట్టు?"

"అక్షరం పొల్లుపోలేదే అమ్మాయ్."

"సరే, ఆ బుట్ట అందుకో. గ్లాసులు జాగర్త."

బాబాయ్ అన్న పిలుపు మళ్లీ నా చెవిన పడ్డాక, ఆ బుట్ట జీపులో నా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

మా ఊరికి విశిష్ట హోదా వచ్చింది. కమిషనర్‌గారికి ప్రశంసాపత్రం వచ్చింది. స్తంభం కూలిపోయిందన్న కాగితం ఒక ఫైల్లో, స్తంభం క్షేమమన్న రిజిస్టరు ఇంకో ఫైల్లో ఉన్నాయి, రెండూ ఒకదాన్నొకటి ఎప్పుడూ చూసుకోలేదు. ఏసోబు ఉద్యోగం పర్మినెంటయింది. నాంచారమ్మ కొట్టు పదమూడో ఆనవాలుగా గెజిట్లో పడింది.

నెల తిరిగాక ఒక పొద్దున నేను బల్ల మీద కూర్చుని టీ తాగుతున్నాను. పక్కన సోడాబండి ఆసామి. అతనికి ఫోనొచ్చింది, ఎవరో కొత్తవాళ్లు దారి అడుగుతున్నారు. నాంచారమ్మ చేతి పునుగు నోట్లో పెట్టుకుని, నాంచారమ్మ కొట్టు గుంజకి జేరగిలబడి, "ఆఁ, ఏం లేదు, గడియార స్తంభం కాడ దిగండి!" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "ఏమయ్యా, గెజిట్లో పడిన కొట్టులో కూర్చుని దాని పేరు చెప్పడానికేంది నీకు? మొన్నటి దాకా ఊరంతా చెప్పారు గదా!" అని లేచాను.

నాంచారమ్మ నా భుజం నొక్కి కూర్చోబెట్టింది. నవ్వుతోంది.

"అననియ్యి బాబాయ్. ఈ ఊళ్లో నా పేరుతో దారి చెప్పారంటే నన్ను పీకేసినట్టే. చెప్పటంలేదంటే ఉన్నానన్నమాట. ఇంకో గ్లాసు పొయ్యనా?"